రెండు లిపుల శుభలేఖ: ఒడిశా సరిహద్దులో కార్డు చేయించేవారు ముందుగా ఏం చూడాలి?

క్లుప్తంగా: గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల శుభలేఖల్లో ఇబ్బంది పెట్టే తప్పులు మేటర్‌లోనే దొర్లుతాయి. పాత ఫాంట్లు, రెండు పంచాంగాలు, లిపి మారితే మారిపోయే పేర్లు అందుకు ముఖ్య కారణాలు. కాబట్టి తయారీదారుని ఎంచుకునేటప్పుడు నమూనా కార్డుల అందం కంటే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. ఇంటివాళ్లు రాసిచ్చిన మేటర్ అచ్చయ్యేలోపు ఎన్నిసార్లు మళ్లీ టైపవుతుంది? ఏ భాష చదవగలిగినవాళ్లు దాన్ని సరిచూస్తారు?

ఒకే పెళ్లికి మూడు కార్డులు

పర్లాకిమిడిలో ఒక తెలుగు ఇంట్లో ముహూర్తం ఖాయమైందంటే, వెంటనే మొదలయ్యే పని శుభలేఖ. సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నంలో, టెక్కలిలో, శ్రీకాకుళంలో ఉన్న చుట్టాలకు తెలుగు కార్డు కావాలి. ఇరుగుపొరుగుకు, ఆఫీసువాళ్లకు, పిల్లల స్నేహితులకు ఒడియా కార్డు కావాలి. భువనేశ్వర్, బెంగళూరు లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఫోన్లో పంపడానికి ఇంగ్లీషులో ఒకటి ఉండాలి. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురంలోనూ ఇదే పరిస్థితి.

దీని మూలాలు 1936 దాకా వెళ్తాయి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, జయపురం అటు చేరాయి. సంబంధాలు, బంధుత్వాలు మాత్రం ఇటూ అటూ సాగుతూనే ఉన్నాయి. మారింది చదువు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్న పిల్లలు ఈ జిల్లాల్లో చాలామంది. తెలుగు కార్డును తప్పుల్లేకుండా చదివే బాధ్యత తాతయ్యల మీదో, పెదనాన్నల మీదో పడుతుంది. ఒడియా కార్డు చదవడం పిల్లల పని అవుతుంది. రెండూ ఒకే మనిషి చదివి పోల్చి చూసే ఇళ్లు తక్కువ. ప్రెస్సులోనూ అంతే: శ్రీకాకుళంలో టైపు చేసేవారికి ఒడియా రాదు, బరంపురంలో చాలామందికి తెలుగు మాట వచ్చినా అక్షరం రాదు.

అక్షరం ఎక్కడ విరుగుతుంది

ఇంటివాళ్లు ఫోన్లో టైపు చేసి పంపే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది కాబట్టి ఏ ఫోన్లో తెరిచినా అది తెలుగుగానే కనిపిస్తుంది. ప్రెస్సుల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి వేరు. అను ఫాంట్ల లాంటి పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదే తెలుగు ఆకారాలను కూర్చుకుంటాయి. ఆ ఫాంట్ తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస. ఒడియాలో ఆకృతి, మరాఠీలో శ్రీలిపి కూడా ఈ కోవలో వచ్చినవే.

ఈ పాత ఫాంట్లు బతికి ఉండటానికి ఒక కారణం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్. దాని చివరి వెర్షన్ 2001లో వచ్చింది. తెలుగు యూనికోడ్‌లో గుణింతాలు, ఒత్తులు తమ చోట కూర్చోవాలంటే సాఫ్ట్‌వేర్ అక్షరాలను కలిపి పేర్చగలగాలి. పేజ్‌మేకర్‌కు ఆ శక్తి లేదు. కొత్త ఫొటోషాప్, ఇన్‌డిజైన్‌లకు ఉంది కానీ, ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ అనే సెట్టింగు పెట్టుకోకపోతే అక్కడా ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. ‘శ్రీరస్తు’ అని పంపితే తునకలై తిరిగొచ్చిందంటే కారణం చాలాసార్లు ఇదే.

కాబట్టి పాత పద్ధతి ప్రెస్సుకు రెండే దారులు: వచ్చిన మేటర్‌ను చూసి మళ్లీ టైపు చేయడం, లేదా కన్వర్టర్‌లో వేసి మార్చడం. చూసి టైపు చేస్తే మనిషి తప్పులు వస్తాయి. కన్వర్టర్‌లో వేస్తే కంటికి కనిపించని చిహ్నాలు రాలిపోవచ్చు. వరుడి పేరు కింద తరచూ కనిపించే ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ మంచి ఉదాహరణ. అందులో ట్ తర్వాత కలవకుండా ఆపే ఒక చిహ్నం దాగి ఉంటుంది. అది పోతే ‘సాఫ్ట్వేర్’ అని అచ్చవుతుంది.

తెలుగు శుభలేఖ భాష ఈ కష్టాన్ని పెంచుతుంది. ‘జ్యేష్ఠ పుత్రిక’, ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు’ లాంటి మాటల్లో ఒత్తులు ఎక్కువ. రోజువారీ వాడుక లేకపోవడం వల్ల తప్పు పడినా కన్ను పట్టుకోదు. ‘జ్యేష్ఠ’ను ‘జేష్ట’గా అచ్చేసిన కార్డులు ఎన్నో. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊళ్లో కూడా శుభలేఖ ఇంకా గ్రాంథికంలోనే నడుస్తోంది. ‘మా అమ్మాయి పెళ్లికి మీరంతా కుటుంబంతో రావాలి’ అని మామూలు తెలుగులో రాసుకోవడంలో లోటేమీ లేదు. పైగా తెలుగు అంతంతమాత్రంగా చదివే పిల్లలు కూడా అందులో తప్పు పట్టుకోగలరు. ఆయన పేరుతోనే గిడుగు అనే యూనికోడ్ ఫాంట్ ఉచితంగా దొరుకుతోంది. మండలి, రామభద్ర లాంటివీ ఉన్నాయి. అయితే రామభద్ర శీర్షికల కోసం చేసిన లావు ఫాంట్. చిన్న సైజులో దానితో చిరునామా వేస్తే చదవడం కష్టం.

తయారీదారు పనితనం తేల్చుకోవడానికి చిన్న పరీక్ష చాలు. ‘జ్యేష్ఠ’, ‘వేంకటేశ్వర్లు’, ‘సాఫ్ట్‌వేర్’ అనే మూడు మాటలు ఫోన్లో పంపి, కార్డు మీద వేసి చూపమని అడగాలి. ఒడియా కూడా వాళ్లే చేస్తామంటే కుటుంబంలోని రెండు పేర్లు ఒడియాలో వేయించి, ఆ భాష చదివేవారికి చూపించాలి. అడ్వాన్సు ఇవ్వకముందే సంగతి తేలిపోతుంది.

బహుళ పక్షంలో మారే నెల, అర్ధరాత్రి మారే తేదీ

ఒడియా కార్డంటే తెలుగు కార్డుకు అనువాదమే అనుకుని పని అప్పగిస్తే పంచాంగం దగ్గర దెబ్బ తగులుతుంది.

తెలుగువారి చాంద్రమాసం అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంజికలో (వాళ్ల పంచాంగంలో) చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది. శుక్ల పక్షంలో రెండు లెక్కలకూ నెల పేరు ఒకటే. కృష్ణ పక్షం రాగానే ఒడియా లెక్క ఒక నెల ముందుకు జరుగుతుంది. అందరికీ తెలిసిన మహాశివరాత్రినే చూస్తే, తెలుగు పంచాంగంలో అది మాఘ బహుళ చతుర్దశి, పౌర్ణమితో నెల ముగిసే లెక్కలో ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. తెలుగు కార్డులో ‘మాఘ బహుళ పంచమి’ అని ఉంటే ఒడియా కార్డులో ‘ఫాల్గుణ కృష్ణ పంచమి’ అని ఉండాలి. మాట మార్చి మాట పెట్టే అనువాదంలో అది ‘మాఘ కృష్ణ పంచమి’ అయి కూర్చుంటుంది. ఒడియా పంచాంగం చూసేవారి లెక్కలో అది అంతకు నెల ముందే గడిచిపోయిన రోజు. ఒడియా పంజికలో సౌరమాస దినాల లెక్క కూడా ఉంటుంది కాబట్టి ఆ వాక్యాన్ని అటువైపు పురోహితుడి చేత విడిగా రాయించుకోవడమే క్షేమం.

మహారాష్ట్ర సరిహద్దులో, అంటే నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూర్‌లలోనో గడ్చిరోలి జిల్లా సిరొంచలోనో, ఈ చిక్కు లేదు. మరాఠీ పంచాంగం కూడా అమావాస్యతో నెల ముగిసేదే, సంవత్సరాల పేర్లూ అవే. అక్కడ తికమక పెట్టేది ఒక మాట. తెలుగులో లగ్నపత్రిక అంటే ముహూర్తం రాసుకునే పత్రం. మరాఠీలో లగ్నపత్రిక అంటే శుభలేఖే. రెండు వైపుల పెద్దలు ‘లగ్నపత్రిక అయిపోయింది’ అని చెప్పుకుంటున్నప్పుడు ఏది అయిందో విడమరిచి అడగాలి.

ఇక అర్ధరాత్రి దాటాక వచ్చే ముహూర్తం. సంప్రదాయంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే తెలుగు కార్డులో ‘బుధవారం రాత్రి 2 గంటల 35 నిమిషాలకు, తెల్లవారితే గురువారం’ అని వేస్తారు. గడియారం లెక్కలో అప్పటికే గురువారం వచ్చేసింది. ఆ బుధవారం 11వ తేదీ అనుకుంటే, ముహూర్తానికి 12వ తేదీ వచ్చేస్తుంది. ఇంగ్లీషు కార్డు మీద 12 అని ఒక్కటే వేస్తే బెంగళూరు స్నేహితులు 12 సాయంత్రానికి దిగుతారు, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోతాయి. ఆన్‌లైన్ కార్డుల్లో రోజులు లెక్కపెట్టే గడియారానికి 11, 2.35 అని ఇస్తే అది పూర్తిగా ఒక రోజు ముందుకు చూపిస్తుంది. ‘తెల్లవారితే’ అన్న ఒక్క మాట చేసే పనిని ఇంగ్లీషు, ఒడియా కార్డుల్లో ఒక పూర్తి వాక్యంగా రాయాలి: 11వ తేదీ బుధవారం సాయంత్రానికే వచ్చేయండి, ముహూర్తం ఆ రాత్రి, అని.

‘వెంకట’ ‘బెంకట’ అయ్యే దారి

ఒడియా రాతలో వ, బ శబ్దాలకు సాధారణంగా ఒకే అక్షరం వాడతారు. గుణుపురం పక్కనుంచి పారే వంశధార ఒడియాలో ‘బంశధార’ అయింది అందుకే. అదే దారిలో వెంకట ‘బెంకట’ అవుతాడు, వాణి ‘బాణి’ అవుతుంది. వ శబ్దాన్ని చూపే అక్షరం ఒడియాలో ఉంది కానీ, కావాలని అడిగితే తప్ప వేయరు. ‘య’కు రెండు అక్షరాలున్నాయి. ఒకటి ‘జ’లా పలుకుతుంది, రెండోది ‘య’లాగే పలుకుతుంది. మొదటిది పడితే యామిని ‘జామిని’ అవుతుంది. ఎ, ఏలకు తేడా లేదు, ఒ, ఓలకూ లేదు. బొడ్డువారు, బోడ్డువారు ఒకేలా కనిపిస్తారు. అకారం ‘ఒ’కు దగ్గరగా పలుకుతుంది కాబట్టి రమణను ‘రొమొణొ’ అని చదువుతారు. మరాఠీలో ఇదే పేరు చివర కుదించుకుని ‘రమణ్’ అవుతుంది.

వీటిలో కొన్ని ఆ భాషల సహజమైన పలుకులు, వాటిని తప్పులనలేం. ఇంట్లో అందరూ ఒక రాతకు ఒప్పుకున్నారా అన్నదే చూడాలి. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో ఇంగ్లీషు కార్డు సరిపోవడం మరీ ముఖ్యం. వివాహ రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు శుభలేఖను కూడా ఒక ఆధారంగా అడగడం మామూలు. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియావారు చివర రాస్తారు. కార్డులో ఒక వరుస, ఆధార్‌లో మరో వరుస ఉంటే అక్కడ సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు.

ఊరి పేర్లకూ ఇదే జాగ్రత్త. తెలుగువారి బరంపురం రైల్వే బోర్డు మీద బ్రహ్మపుర్. పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ ఉంది. కొరాపుట్ జిల్లా జయపురాన్ని ఇంగ్లీషులో తొందరపడి రాస్తే రాజస్థాన్ జైపూర్ అనుకునే ప్రమాదం ఉంది. జిల్లా పేరు, పిన్ కోడ్ తప్పక ఉండాలి.

ఎవరి బలం ఎక్కడ

స్థానిక ప్రెస్సు బలం దగ్గరగా ఉండటమే. ప్రూఫును, అంటే అచ్చుకు ముందు సరిచూసే ప్రతిని, ఎదురుగా కూర్చుని దిద్దించవచ్చు, ఒడియా మేటర్‌కు భయం ఉండదు. తెలుగు మాత్రం పరీక్షించి చూసుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం దుకాణాల్లో తెలుగు బాగా కుదురుతుంది, కార్డుల రకాలూ ఎక్కువే. ఒడియా మేటర్‌ను మాత్రం వాళ్లు చదవలేరు కాబట్టి ఎవరో పంపిన బొమ్మను అలాగే అతికిస్తారు. అందులో చివరి నిమిషంలో ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ మొదటి మనిషి దగ్గరికే వెళ్లాలి. రెండు వైపులా అమ్మే ఖాళీ కార్డుల్లో చాలావరకు తమిళనాడులోని శివకాశి నుంచి వచ్చేవే. కాబట్టి ‘మా దగ్గర మాత్రమే దొరికే డిజైన్’ అన్న మాటకు పెద్ద విలువ ఇవ్వనక్కర్లేదు.

ఆన్‌లైన్ తయారీదారులు కాగితం, ఫాయిల్, పెట్టెల్లో ముందుంటారు. కార్డులో మేటర్ నింపేది ఎక్కడో దూరాన ఉన్న మనిషి కావచ్చు. కాన్వా లాంటి ఆన్‌లైన్ డిజైన్ యాప్‌లలో ఇంట్లోనే యూనికోడ్ తెలుగు వేసుకుని పీడీఎఫ్ తీసుకునే వీలుంది. మేటర్ ఒక్కసారే టైపవుతుంది కాబట్టి తప్పులకు అవకాశం తగ్గుతుంది. ఏఐతో కార్డు బొమ్మ చేయించేవారు నేపథ్యం వరకే దాన్ని వాడుకుని, అక్షరాలు విడిగా వేయించుకోవాలి. బొమ్మలో భాగంగా గీసిన తెలుగు అక్షరాలు చూడ్డానికి తెలుగులా ఉన్నా, చదివితే చాలాసార్లు మాటలు కావు.

సరిహద్దు కుటుంబాలకు ఎక్కువగా కుదిరే మార్గం పనిని విడదీయడం: తెలుగు మేటర్ తెలుగు చదివేవారి చేత, ఒడియా మేటర్ ఒడియా చదివేవారి చేత యూనికోడ్‌లో చేయించి, రెంటినీ అక్షరాలు గీతలుగా మార్చిన పీడీఎఫ్‌లుగా ఒకే ప్రెస్సుకు ఇవ్వడం. అలా గీతలుగా మార్చాక ప్రెస్సులో ఆ ఫాంట్ లేకపోయినా అక్షరం చెదరదు. దిద్దడానికి వీలుగా అసలు ఫైలు కూడా తీసుకుని దాచుకోవాలి.

ఖర్చు లెక్క

ఆఫ్‌సెట్ అచ్చులో మేటర్ ఎక్కించే ప్లేటును, బంగారు ఫాయిల్‌ను అద్దే బ్లాకును ఒక్కసారే చేస్తారు. వంద కార్డులకైనా వెయ్యి కార్డులకైనా ఆ ఖర్చు మారదు. ఉదాహరణకు ఆ స్థిర ఖర్చు 3,000 రూపాయలు, కాగితం, అచ్చు కలిపి కార్డుకు 12 రూపాయలు అనుకుందాం. 200 కార్డులు వేయిస్తే ఒక్కోటి 27 రూపాయలు పడుతుంది. 600 వేయిస్తే 17కు దిగుతుంది. ఆ 600ను తెలుగు 350, ఒడియా 250గా విడదీస్తే రెండో భాషకు మరో ప్లేటు కావాలి. స్థిర ఖర్చు 4,500 అయిందనుకుంటే ఒక్కోటి 19 రూపాయల 50 పైసలు. ఒకే కార్డులో ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఒడియా పెడితే రెండు లెక్కలు వేసే పని తప్పుతుంది, ఎవరికి ఏ కార్డు ఇవ్వాలన్న టెన్షన్ కూడా ఉండదు. రెండు లిపుల్లోనూ ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య చోటు కాస్త ఎక్కువ వదలాలి. అందుకు కార్డు సైజు పెరగవచ్చు.

కార్డులు కొద్దిగానే కావాలంటే డిజిటల్ ప్రింటు మేలు. దానికి ప్లేటు ఉండదు. ధర అడిగేటప్పుడు కవరు, జీఎస్‌టీ, రవాణా కలిపే చెబుతున్నారో లేదో తేల్చుకోవాలి.

కాగితం విషయంలో ఒక చిన్న సంగతి తరచూ మరిచిపోతుంటారు. శుభలేఖ నాలుగు మూలలా పసుపు, కుంకుమ పెట్టడం తెలుగింటి ఆచారం. మెరిసే లామినేషన్ మీద పసుపు పట్టదు, కవరులో రాలిపోతుంది. కవరు కూడా నున్నగా ఉంటే బాల్‌పెన్నుతో రాసిన పేరు చెయ్యి తగిలితే చెదిరిపోతుంది. నమూనా ఇంటికి తెచ్చుకుని పసుపు పెట్టి, పేరు రాసి చూస్తే సరిపోతుంది.

ఫోన్లో పంపే కార్డు

వాట్సాప్‌లో ఫొటోగా పంపిన కార్డును ఆ యాప్ కుదించి పంపుతుంది. చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. పీడీఎఫ్‌గానో డాక్యుమెంట్‌గానో పంపితే స్పష్టత పోదు.

మండపానికి దారి చూపే క్యూఆర్ కోడ్‌లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో మ్యాప్ లింకు కోడ్‌లోనే ఉంటుంది. రెండోది ఎవరిదో సర్వర్ మీదుగా తిప్పి లింకు తెరుస్తుంది. ఉచితంగా ఇచ్చే రెండో రకం గడువు తీరాక పనిచేయకుండా పోవచ్చు. మొదటి రకమే వేయమని చెప్పాలి, ప్రూఫు మీద రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూడాలి.

డిజిటల్ శుభలేఖల పేరుతో మోసం కూడా జరుగుతోంది. పెళ్లికార్డు అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరవవద్దని 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ సైబర్ పోలీసులు హెచ్చరించారు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు. అది ఎక్కితే ఫోన్లోని సమాచారం, బ్యాంకు ఓటీపీలు మోసగాళ్ల చేతికి వెళ్లే ప్రమాదం ఉంది. అసలైన శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. యాప్ ఎక్కించుకుంటేనే తెరుచుకునే కార్డు చేసి ఇస్తామనే తయారీదారుని వద్దనుకోవడమే మంచిది. దాన్ని అందుకున్న చుట్టాలకు అసలుకూ మోసానికీ తేడా తెలియదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రూఫు మీద సంతకం

ఆషాఢం, మూఢాల్లో ముహూర్తాలుండవు. అవి ముగియగానే ఆర్డర్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ రోజుల్లో ప్రెస్సు ‘ఫోన్లో పంపాం, ఓకే అనండి’ అని తొందర పెడుతుంది. ఫోన్ తెర మీద ఒత్తుల తప్పులు కనిపించవు. అసలు కాగితం మీద తీసిన ఒక్క ప్రతి ఇమ్మని అడగాలి. తెలుగు పేజీని ఒక పెద్ద, ఒడియా పేజీని ఆ భాష చదివినవారు పైకి చదువుతుండగా, మరొకరు ముహూర్తం కాగితం, ఆధార్ పట్టుకుని సరిచూడాలి. వియ్యాలవారి పేర్లను వియ్యాలవారే చూడాలి.

ఆ ప్రతి మీద తేదీ వేసి ఇరువైపులా సంతకాలు చేసుకుంటే, తర్వాత తప్పు బయటపడినప్పుడు వాదన ఉండదు. ప్రూఫులో లేని తప్పు అచ్చులో వస్తే ప్రెస్సు తిరిగి వేసివ్వాలి, ప్రూఫులోనే ఉండి ఎవరూ చూడని తప్పుకు ఖర్చు ఇంటివాళ్లదే. ఈ మాట అడ్వాన్సు ఇచ్చేటప్పుడే రసీదు మీద రాయించుకోవాలి. లెక్క వేసుకున్న సంఖ్యకు 30 కార్డులు కలిపి చెప్పడం కూడా అప్పుడే జరగాలి. పంచడం మొదలయ్యాక గుర్తొచ్చే పేర్లు ఎప్పుడూ ఉంటాయి. అప్పుడు మళ్లీ వేయించాలంటే ప్లేటు ఖర్చు మొదటికొస్తుంది, మొదటి విడతలోనే కలిపితే పైన పడేది కాగితం, అచ్చుల ఖర్చే.